65 దాటాక డాక్టరు ప్రాక్టీసు ఆపేయాలా?

"నాన్నకు 67 ఏళ్లు, మిర్యాలగూడలో సొంత క్లినిక్ ఉంది, ఇక ఆపమని చెప్పాలా?" అని అడిగారు. వయసు ఒక్కటే చూసి ఆపమనకండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ప్రొఫెసర్లకు మన తెలంగాణలో రిటైర్మెంట్ 65 ఏళ్లకు; సొంత క్లినిక్‌కు అలాంటి హద్దు లేదు.

వయసుతో తగ్గేది వేగం, ఒకేసారి నాలుగు విషయాలు మనసులో పెట్టుకునే శక్తి. అనుభవం అంత తొందరగా తరగదు. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ చూసిన మర్రిగూడ వైపు నుంచి నడుం నొప్పితో వచ్చిన రైతును పెద్ద డాక్టరు ముందుగా నేల మీది రూపాయి బిళ్ల తీయమంటారు. మోకాళ్లు వంచకుండా తీయలేకపోయినా, గడ్డం ఛాతీకి ఆనకపోయినా ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు) ఉందేమోనని అప్పుడే అనుమానిస్తారు. ఇది ఏళ్ల తరబడి చూస్తేనే వచ్చే నేర్పు.

నాకు భయమల్లా చెవుల గురించే. వయసు పైబడితే ముందు సన్నని శబ్దాలు వినపడవు, అదీ మెల్లమెల్లగా. స్టెతస్కోపులో ఏదో జారిపోయిందని ఆయనకే తెలియదు. ఏటా చెవులు, కళ్లు పరీక్ష చేయించండి. శబ్దాన్ని పెంచి వినిపించే ఎలక్ట్రానిక్ స్టెతస్కోపులు దొరుకుతాయి.

రాత్రి కేసులు మాత్రం మాన్పించండి. ఆ వయసులో చెడిన నిద్ర మర్నాడు ఓపీలో తెలిసిపోతుంది. ఇంకొకటి, చాలామంది డాక్టర్లు తమ బీపీ మాత్రలు తామే రాసుకుంటారు. మీ నాన్నను వేరే డాక్టరుకు చూపించండి. ఒక్కసారిగా మానేస్తే పలకరించేవాళ్లు లేక దిగులు పడతారు కాబట్టి పొద్దున పూట ఓపీ ఉంచి, సాయంత్రం ఇంకో డాక్టరును కూర్చోబెట్టండి.