బొమ్మల సినిమాపై మొండికేసినవారికి

ప్రశ్న: బొమ్మల సినిమాలంటే పిల్లల కాలక్షేపమని కొట్టిపారేసేవాణ్ణి. ఇంట్లోవాళ్ల పోరు పడలేక ‘వాల్-ఈ’ చూశాను. మొదటి అరగంటకు పైగా మాటలే లేవనిపించింది. అందులో హీరో అయిన వాల్-ఈ అనే రోబోకు నోరూ ముక్కూ కూడా లేవు. అయినా కళ్లు చెమర్చాయి. ఏమిటా కిటుకు?

జవాబు: ముందు కళ్లు, ఆ తర్వాత చప్పుళ్లు. 2008లో అమెరికా బొమ్మల సినిమాల సంస్థ పిక్సార్ తీసిన ఈ సినిమాకు దర్శకుడు ఆండ్రూ స్టాంటన్. బేస్‌బాల్ ఆట చూస్తూ చేతిలోని బైనాక్యులర్‌ను అటూ ఇటూ మడుస్తుంటే ఆయనకు ఈ ముఖం తట్టింది. రెండు గొట్టాలు, మధ్యలో కీలు, అంతే. మధ్యభాగం పైకి లేచి బయటి అంచులు వాలితే దిగులు, మధ్యభాగం కిందికి దిగితే కోపం. మన కనుబొమలు చేసే పనీ ఇదే. నోరు కూడా పెట్టి ఉంటే ఏడుపో నవ్వో అదే చెప్పేసేది. లేదు కాబట్టి ఆ పని మీరు చేశారు, చేస్తూ చేస్తూ దానికి దగ్గరయ్యారు.

చప్పుళ్లు బెన్ బర్ట్‌వి, ‘స్టార్ వార్స్’లో ఆర్‌టూ-డీటూ అనే రోబోకు గొంతునిచ్చినాయన. వాల్-ఈ నడక చప్పుడుకు చేత్తో తిప్పే జనరేటర్ వాడారు. నిజమైన వస్తువు చేసే రొద కాబట్టి ఆ యంత్రానికి బరువుందని చెవి నమ్మేస్తుంది.

మూడోది కెమెరా. కంప్యూటర్ బొమ్మలో దగ్గరిదీ దూరందీ ఒకే స్పష్టతతో కనబడితే ప్లాస్టిక్‌లా తోస్తుంది. అందుకని పాత ఫిల్మ్ కెమెరాలు తెప్పించి లెన్సుల తీరు పరిశీలించారు, ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ సలహా తీసుకున్నారు. వెనకదంతా మసకబారి వాల్-ఈ ఒక్కటే తేటగా కనబడే షాట్లు అలా వచ్చినవే. (కథ అంతరిక్ష నౌకలోకి వెళ్లాక పరుగులు, ఛేజింగులు ఎక్కువై కథ కాస్త పలచబడిన మాటా నిజమే.)

ప్రశ్న: నాకన్నా మొండి మిత్రుడొకడున్నాడు. ‘వాల్-ఈ’ పెడితే పది నిమిషాలకే ఫోన్ తీశాడు. ఏది చూపించాలి, ఎలా చూపించాలి?

జవాబు: ఫోన్ తీస్తే ఆ సినిమా పోయినట్టే. మాటలుంటే తల వంచుకున్నా చెవితో కథ అందుకోవచ్చు, ఇక్కడ ఆ వీల్లేదు. ఆయనకు మాటలున్న ‘ది ఐరన్ జెయంట్’ (1999, బ్రాడ్ బర్డ్) పెట్టండి. గంటన్నర కూడా ఉండదు. మనుషులు చేత్తో గీసినవారు, ఇనుప రాక్షసుడు కంప్యూటర్ బొమ్మ. కంప్యూటర్ గీత మరీ నిటారుగా వచ్చి పక్కనున్న బొమ్మల్లో కలవకపోతుంటే, ఆ గీత కొంచెం వణికేలా ప్రత్యేకంగా ప్రోగ్రామ్ రాయించారు.

‘పిల్లలవి నాకెందుకు’ అన్నదే ఆయన పేచీ అయితే ‘అకిరా’ (1988, కత్సుహిరో ఒటోమో). సాధారణంగా జపాన్‌లో బొమ్మలు గీశాకే గొంతులు కలుపుతారు. దీనికి సంభాషణలు ముందే రికార్డు చేసి, వాటికి తగ్గట్టు పెదాలు గీశారు. అందుకే డబ్బింగ్ కాకుండా జపనీస్ మాటలతో, సబ్‌టైటిళ్లతో చూడాలి. రక్తపాతం బాగా ఉంది, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టకండి.

ఏది పెట్టినా ముందు టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి మోషన్ స్మూతింగ్ (కదలికను నునుపు చేసేందుకు టీవీ తనంతట తాను చేసే మార్పు) ఆపేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది, పిక్చర్ మెనూలో వెతకాలి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు. చేత్తో గీసేటప్పుడు చాలాచోట్ల 12 బొమ్మలే గీసి ఒక్కోటీ రెండు ఫ్రేములు నిలుపుతారు. టీవీ మధ్యలో సొంత ఫ్రేములు ఇరికిస్తే గీతలు అలుక్కుపోతాయి. చూసేవాడు ఆ తప్పు సినిమా మీద వేస్తాడు.

ప్రశ్న: ‘స్పైడర్-మ్యాన్: ఇన్‌టు ది స్పైడర్-వర్స్’లో హీరో కదలిక తెగితెగి వస్తోంది. మా ఇంటర్నెట్ లోపమా?

జవాబు: కాదు. 2018 నాటి ఈ సినిమాలో కుర్రాడు మైల్స్‌ను మొదట్లో చాలాచోట్ల సెకనుకు 12 భంగిమలతోనే కదిలించారు. అడవిలో, అనుభవమున్న స్పైడర్-మ్యాన్ పీటర్‌తో కలిసి ఊగే సన్నివేశం చూడండి. పెద్దాయన 24తో జారిపోతుంటాడు, కుర్రాడు తడబడుతుంటాడు. పని పట్టుబడ్డాక అతని కదలికా నునుపెక్కుతుంది.