టెక్ సందేహాలు: బోట్‌ల పెద్ద సౌండ్ సిస్టమ్‌కు కరెంట్ ఎక్కడికెళ్లి తేవాలె?

కొల్లాపూర్ నుంచి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, సోమశిల దగ్గర మాకొక 24 అడుగుల ఫైబర్ బోట్ ఉన్నది, 40 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ (బోట్ వెనుక బయట తగిలించే) ఇంజన్. నాలుగు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్ పెట్టిస్తున్న. నాలుగు ఛానెళ్ల యాంప్ (యాంప్లిఫయర్) 75 వాట్స్ చొప్పున, వూఫర్‌కు వేరే 500 వాట్స్ యాంప్. ఇంజన్ బంద్ చేసి ఐదు గంటలు పాటలు పెట్టుకోవాలె. ఎన్ని బ్యాటరీలు కావాలె? ఇంజన్ బ్యాటరీకే కలిపితే నడుస్తదా?"

ముందు రెండో ముచ్చటకే జవాబు చెప్త తమ్మీ, ఎందుకంటే అది డేంజర్. ఇంజన్ బ్యాటరీకి కలపకు. గంటన్నర పాటలు విని ఇంటికి పోదామని కీ తిప్పితే టక్ టక్‌మని ఊరుకుంటది, చిన్న మోటర్లకైతే తాడు గుంజి స్టార్ట్ చేయొచ్చు గానీ 40 హార్స్‌పవర్‌ది గుంజుడంటే భుజం పోతది, కొన్ని మోడళ్లకైతే తాడే ఉండదు, ఇగ బ్యాక్‌వాటర్‌ల నడుమ గాలి మోపైందంటే బోట్ ఎటు కొట్టుకపోతదో తెల్వది, ఫోన్ సిగ్నల్ సుత అన్ని దిక్కులా ఉండదు. స్టార్టింగ్ బ్యాటరీ ఇంజన్‌ది, పాటల బ్యాటరీ పాటలది. రెంటికి మైనస్ ఒక్కటే ఉండొచ్చు, ప్లస్ మాత్రం కలవొద్దు.

ఇప్పుడు లెక్క. నాలుగు 75లు 300, వూఫర్ 500, మొత్తం 800 వాట్స్. ఇది ఆర్ఎమ్ఎస్ (ఆగకుండ ఇచ్చే అసలు పవర్) లెక్క అయితేనే, డబ్బా మీద 4000 వాట్స్ అని పెద్దక్షరాలతో రాసుకునే పీఎమ్‌పీఓ నంబర్‌ను అసలే పట్టించుకోకు. క్లాస్ డీ యాంప్ అయితే తీసుకున్న కరెంట్‌ల 80 శాతం దాక సౌండ్‌కు ఇస్తది, అంటే 800 వాట్స్ రావాలంటే 1000 వాట్స్ గుంజాలె, 12.5 వోల్ట్‌ల మీద 80 ఆంప్స్. పాత టైపు క్లాస్ ఏబీ అయితే సగం దాక వేడికే పోతది, బోట్‌లకు అది వద్దే వద్దు.

80 ఆంప్స్ అనంగనే భయపడకు. పాటంటే అన్నిసేపులా ఫుల్ పవర్ తీసుకోదు, డప్పు దెబ్బ పడ్డప్పుడు గుంజుతది, మల్ల తగ్గుతది. డీజే పాటలు గట్టిగ పెట్టుకున్నా సగటున మూడో వంతు అనుకో, 27 ఆంప్స్ చిల్లర. ఐదు గంటలకు 135 ఆంప్ అవర్స్. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల 80 శాతం వాడుకోవచ్చు కాబట్టి 12.8 వోల్ట్‌ల 200 ఆంప్ అవర్ ఒక్కటి నీకు సరిపోతది, బరువు 25 కిలోల చిల్లర. లోపలి బీఎమ్ఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కనీసం 100 ఆంప్స్ ఇచ్చేదై ఉండాలె, లేకుంటే వూఫర్ గట్టిగ కొట్టినప్పుడల్లా బ్యాటరీ తనంతట తానే కట్ చేసుకుంటది, నువ్వేమో యాంప్ ఖరాబైందనుకుంటవ్.

ఇంట్ల ఇన్వర్టర్‌కు పెట్టే ట్యూబులర్ బ్యాటరీ చీప్‌ల వస్తది గదా అంటవేమో. 150 ఆంప్ అవర్‌ది సగం దాకనే వాడాలె, అంతకంటే దించితే లైఫ్ పోతది, కాబట్టి నీకు రెండు కావాలె, ఒక్కోటి 50 కిలోలు దాటుతది. ఆ బరువంతా ఒక పక్క పెడితే బోట్ వంగుతది, మూతల్లోంచి యాసిడ్ కారుతది, ఛార్జింగ్‌ల హైడ్రోజన్ గ్యాస్ వస్తది. అది ఇంట్ల మూలకు కదలకుండ కూసునే బ్యాటరీ, నీళ్ల మీదికి తేవద్దు.

"ఇంజన్ నడుస్తుంటే ఛార్జ్ అయితది గదా" అని సుత అంటరు. చిన్న ఔట్‌బోర్డ్‌లు చానా మటుకు 6 నుంచి 20 ఆంప్స్ ఇస్తయి, అది సుత స్పీడ్‌ల ఉన్నప్పుడు, స్లోగ పోతుంటే ఇంకా తక్కువ. నీకు సగటునే 27 కావాలె. పైగా పాటలు పెట్టేదే లంగరేసి ఇంజన్ బంద్ చేసినంక. అందుకే ఛార్జింగ్ ఒడ్డు మీదనే చేసుకో, లిథియంకు సరిపడే 14.4 వోల్ట్‌ల 20 ఆంప్స్ ఛార్జర్ ఒకటి తీసుకుంటే ఏడెనిమిది గంటల్లో నిండుతది. ఇంట్ల ఇన్వర్టర్‌కు తగిలించకు, దాని వోల్టేజ్ సెట్టింగులు లెడ్ బ్యాటరీవి. ఇంజన్‌తోని కూడ కొద్దిగ ఛార్జ్ కావాలంటే నడుమ డీసీ టు డీసీ ఛార్జర్ (ఒక బ్యాటరీ దిక్కు కరెంట్‌తోని ఇంకో బ్యాటరీని ఛార్జ్ చేసేది) పెట్టు. దాని పవర్ ఇంజన్ ఇచ్చే దానికంటే తక్కువుండాలె, ఇంజన్ బందైతే అది సుత బంద్ కావాలె, లేకుంటే స్టార్టింగ్ బ్యాటరీనే తాగేస్తది.

వైర్ కాడ కక్కుర్తి పడకు, మంది ఎక్కువ తప్పేది ఇక్కడనే. బ్యాటరీ నుంచి యాంప్ 3 మీటర్లు అనుకో, పోను రాను 6 మీటర్లు. 16 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి వైర్ వేస్తే 80 ఆంప్స్ కాడ అర వోల్ట్ దారిలనే పోతది, 35 స్క్వేర్ వేస్తే పావు వోల్ట్. కార్ డెకర్ షాపుల్లో దొరికే కిట్ వైర్లు కొన్నిటిల అల్యూమినియం మీద రాగి పూత మాత్రమే ఉంటది. కొనేటప్పుడు ఒక పోగు తీసి చాకుతోని గీకి చూడు. పైన ఎర్రగ ఉండి లోపల తెల్లగ వచ్చిందంటే పక్కకు పెట్టెయ్. పైన తెల్లగ ఉండి లోపల ఎర్రగ వచ్చిందంటే అది తగరం పూసిన అసలు రాగి, బోట్‌కు కావాల్సింది అదే. ఫ్యూజ్ 100 ఆంప్స్‌ది, బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపలే ఉండాలె, యాంప్ పక్కన కాదు. వైర్ నడుమల ఒరుసుకుపోయి షార్ట్ అయితే కాలేది వైర్ గదా, ఫ్యూజ్ ఆ చివరికి ఉంటే ఏం లాభం. ఇంకోటి, పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, బోట్ అడుగునకు చేరి కూసుంటది, ట్యాంక్ ఉన్న అరల బ్యాటరీ, రిలే, స్విచ్ ఏదీ పెట్టొద్దు.

ఇగ షాపోడు "కెపాసిటర్ వేయించు భయ్యా, బేస్ దిమ్మ తిరుగుతది" అంటడు. కెపాసిటర్ అంటే కరెంట్‌ను కొద్దిగ దాచి టక్కున ఇచ్చేది. 1 ఫారడ్ కెపాసిటర్ 12.6 వోల్ట్‌ల నుంచి ఒక వోల్ట్ దిగేలోపు ఇచ్చేది 12 జౌల్స్. 1000 వాట్స్ గుంజే సిస్టమ్‌కు అది సెకనుల వందో వంతు. ఆ పైసలు వైర్ మీద పెట్టు.

నిజానికి నువ్వు బ్యాటరీ అడిగినవ్ గానీ నన్నడిగితే ముందు చూడాల్సింది స్పీకర్ సెన్సిటివిటీ, అంటే అదే పవర్‌కు ఎంత సౌండ్ ఇస్తదనే లెక్క. నీళ్ల మీద గోడలుండయి, సౌండ్ తిరిగి రాదు, దూరం డబులైతే 6 డెసిబెల్స్ పడిపోతది. వాట్స్ డబుల్ చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. 87 డెసిబెల్స్ స్పీకర్ బదులు 93ది పెట్టుకుంటే అదే సౌండ్‌కు నాలుగో వంతు పవర్ చాలు. అట్లనే స్పీకర్లను బోట్ చివర్ల కాకుండ కూసునేటోళ్లకు 2 మీటర్లల్ల, చెవుల దిక్కు తిప్పి పెట్టు. చిన్న స్పీకర్లకు యాంప్‌ల హై పాస్ (కింది బేస్‌ను ఆపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ కాడ పెడితే అవి బేస్ కోసం కొట్టుకోకుండ క్లియర్‌గ పాడుతయి. ఈ పనులకు బ్యాటరీ ఖర్చు రూపాయి సుత లేదు.

ఎండాకాలం ముచ్చట మర్చిపోకు. మన దిక్కు మే నెలల బయటనే 44 ఉంటది, సీట్ కింది మూసిన పెట్టెల ఇంకెంతో ఊహించుకో. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని చానా మటుకు 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయొద్దు, యాంప్ సుత వేడెక్కి బందైతది. పెట్టెకు గాలి వచ్చే రంధ్రాలు పెట్టించు, పొద్దుగూకినంక ఛార్జింగ్ పెట్టు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక బయట లౌడ్‌స్పీకర్ల మీద 2000ల వచ్చిన శబ్ద కాలుష్య రూల్స్ ఉన్నయి, శ్రీశైలం దిక్కు కిందికి పోతే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవి, ఆడ వాల్యూమ్ తగ్గించు.

హాలియా నుంచి ఒక సార్: "సాగర్‌ల ఫ్యామిలీ ట్రిప్‌కు బోట్ మాట్లాడుకున్నం. ఇంట్ల ఉన్న 230 వోల్ట్‌ల డీజే సెట్‌ను ఇన్వర్టర్ మీదనో చిన్న జనరేటర్ మీదనో నడిపించొచ్చా?"

వద్దు సార్. తడిసిన డెక్ మీద పిల్లలు ఉత్త కాళ్లతోని తిరుగుతుంటరు, అక్కడ 230 వోల్ట్‌ల ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎందుకు చెప్పండి. జనరేటర్ అయితే పొగల కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, దానికి వాసన రాదు, టాప్ ఉన్న బోట్‌ల అది మూగుతది. మీ అసుంటి ఒక్కరోజు ట్రిప్‌కు బ్యాటరీతోని నడిచే ట్రాలీ స్పీకర్ చాలు, ముందురోజు రాత్రి ఫుల్ ఛార్జ్ పెట్టుకోండి, బోటాయనను అడిగి కట్టేయండి, లేకుంటే చక్రాల మీద దొర్లి నీళ్లల్ల పడుతది. ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రం సౌండ్ తగ్గించండి, బోటాయన చెప్పేది అందరికీ వినవడాలె.

దేవరకొండ నుంచి ఒకాయన: "ఇంజన్ స్టార్ట్ చేయంగనే స్పీకర్లల్ల కుయ్‌మని సౌండ్, రేస్ పెంచితే ఆ కూత సన్నగైతది. స్పీకర్లు మార్చాల్నా?"

స్పీకర్లది తప్పు కాదండి, అది ఛార్జింగ్ నాయిస్. ఆర్‌సీఏ వైర్లు (స్టీరియో నుంచి యాంప్‌కు పాట తెచ్చేవి) పవర్ వైర్ల పక్కనే పోతున్నయా చూడండి, పోతుంటే ఒకటి ఎడమ పక్క, ఒకటి కుడి పక్క వేయించండి. యాంప్ మైనస్, స్టీరియో మైనస్ రెండూ ఒక్క కాడనే కలవాలె, వేర్వేరు బోల్టులకు బిగిస్తే ఈ కూత వస్తది. యాంప్ నుంచి ఆర్‌సీఏ పిన్నులు పీకి ఇంజన్ స్టార్ట్ చేయండి, అప్పుడు కూత బందైతే లోపం స్టీరియో దిక్కు వైరింగ్‌ల ఉన్నట్టు, అప్పటికీ ఉంటే యాంప్ పవర్ వైర్, గ్రౌండ్ చూపించండి.