లేడీ బ్రాక్‌నెల్ వ్యంగ్యంగా మాట్లాడిందా?

సందేహం: ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. ఆస్కార్ వైల్డ్ నాటకం 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' మీద తెలుగులో ఒక వ్యాసం రాశాను. విట్, ఐరనీ, సోషల్ సెటైర్ అని సిలబస్‌లో ఉన్న మూడింటికీ 'వ్యంగ్యం' అనే రాశాను. మా తెలుగు మేడమ్ 'లేడీ బ్రాక్‌నెల్ వ్యంగ్యంగా అంటుంది' అన్న వాక్యాల కిందల్లా గీత గీసి, 'ఎవరి వ్యంగ్యం?' అని రాశారు. వ్యంగ్యం అనే మాట తప్పా? మూడింటికీ మూడు మాటలున్నాయా? ఈ నాటకాన్ని ప్రహసనం అనవచ్చా?
– వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: వ్యంగ్యం అనే మాట తప్పు కాదు. తప్పు దాని చివర మీరు తగిలించిన 'గా' దగ్గర ఉంది. మీ మేడమ్ గీత గీసింది దానికే.

'కోపంగా అంది' అంటే కోపం ఎవరిది? అన్న మనిషిదే. 'ప్రేమగా అంది', 'వెటకారంగా అంది' అన్నా అంతే. తెలుగులో ఈ 'గా' ఆ భావాన్ని తీసుకెళ్లి మాట్లాడిన మనిషికే అంటగడుతుంది. 'లేడీ బ్రాక్‌నెల్ వ్యంగ్యంగా అంటుంది' అని రాస్తే, ఆమె మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి అంటోందని అర్థం. నాటకంలో జరిగేది దానికి పూర్తిగా ఎదురు.

కథ తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు. ఈ నాటకం మొదటి ప్రదర్శన 1895 ఫిబ్రవరి 14న లండన్‌లోని సెయింట్ జేమ్స్ థియేటర్‌లో జరిగింది. జాక్ పల్లెలో పెద్దమనిషి. లండన్ వెళ్లడానికి సాకు కావాలి కాబట్టి ఎర్నెస్ట్ అనే దారితప్పిన తమ్ముణ్ణి కల్పించుకుంటాడు, లండన్‌లో తానే ఎర్నెస్ట్‌గా చలామణీ అవుతాడు. అతని స్నేహితుడు ఆల్జెర్నన్‌కు ఇష్టంలేని విందులు తప్పించుకోవడానికి బన్‌బరీ అనే లేని రోగి ఉన్నాడు. గ్వెండొలిన్, పల్లెలో జాక్ ఇంట్లో అతని సంరక్షణలో ఉన్న సెసిలీ, ఈ ఇద్దరమ్మాయిలకూ ఎర్నెస్ట్ అనే పేరున్న మగవాడే కావాలి. గ్వెండొలిన్ తల్లి లేడీ బ్రాక్‌నెల్.

మొదటి అంకంలో ఆమె జాక్‌ను ఎదురుగా నిలబెట్టుకుని, నోట్‌బుక్కూ పెన్సిలూ తీసి, పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీస్తుంది. పొగతాగుతావా అంటే తాగుతానంటాడు. సంతోషం, మగవాడికి ఎప్పుడూ ఏదో ఒక వ్యాపకం ఉండాలి అంటుంది. అమ్మా నాన్నా ఇద్దర్నీ పోగొట్టుకున్నానంటాడు. ఒకర్ని పోగొట్టుకోవడం దురదృష్టం అనుకోవచ్చు, ఇద్దర్నీ పోగొట్టుకున్నావంటే అది అజాగ్రత్తలా కనిపిస్తోంది అంటుంది. హాలంతా నవ్వుతుంది, ఆమె మాత్రం నవ్వదు. ఆమె జోక్ వేయడం లేదు, జాక్‌ను ఎగతాళి చేయడమూ లేదు. అల్లుడి అర్హతలు నోట్‌బుక్‌లో రాసుకుంటున్న తల్లిగా, నిండు మనసుతో అంటోంది. ఆ మాటల్లో వ్యంగ్యం ఉంది, కానీ అది వైల్డ్‌ది. ఈ పాత్ర వేసే నటి ప్రేక్షకుల వైపు చూసి కొంటెగా నవ్విందా, సీను చచ్చిపోతుంది.

కాబట్టి ఆ వాక్యాన్ని ఇలా మార్చండి: 'వైల్డ్ ఆమె చేత ఇలా అనిపిస్తాడు'. లేదా, 'ఆమె మామూలుగానే అంటుంది, వ్యంగ్యం రచయితది'. అనిపించడం, పలికించడం లాంటి ప్రేరణార్థక క్రియలు తెలుగులో ఇంత సులువుగా దొరుకుతుంటే వాడుకోకపోవడం అన్యాయం. పాత్ర ఒకరు, పాత్ర నోట ఆ మాట పెట్టినవారు ఇంకొకరు అని ఒక్క క్రియతో తేలిపోతుంది.

మీరు ఈ మాటనే ఎందుకు పట్టుకున్నారో నాకు అర్థమవుతోంది. మన అలంకార శాస్త్రంలో వ్యంగ్యం చాలా పెద్ద మాట. మాటకు నేరుగా వచ్చే అర్థం (వాచ్యం), అది పొసగనప్పుడు తీసుకునే అర్థం (లక్ష్యం) కాక మాట లోపలి నుంచి స్ఫురించే మూడో అర్థం అది. ఆనందవర్ధనుడి ధ్వని సిద్ధాంతం నిలబడిందే దాని మీద. 'సూర్యుడు అస్తమించాడు' అన్న వాక్యం ఆ శాస్త్రంలో అందరూ చూపే ఉదాహరణ. పశువుల కాపరికి మందను ఇంటికి తోలమని, ప్రియుడి కోసం చూస్తున్న అమ్మాయికి వేళయిందని, ఇలా వినేవారిని బట్టి ఒక్కో అర్థం స్ఫురిస్తుంది. అందులో ఎగతాళి ఊసే లేదు. తర్వాత వాడుకలో ఈ మాట కుంచించుకుపోయి, పొడిచేదానికే పరిమితమైంది. పత్రికల్లో కార్టూన్‌ని వ్యంగ్య చిత్రం అంటున్నాం. మాటలు ఇలా మారడం సహజం, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ మారిన అర్థంతో విట్‌నీ ఐరనీనీ సెటైర్‌నీ ఒకే గాటన కడితే, ఈ నాటకంలో చూడాల్సింది కంటికి ఆనదు.

విట్‌కు 'చమత్కారం' చక్కగా సరిపోతుంది. ఒక్కో మాట విడిగా చెప్పాలంటే 'ఛలోక్తి', 'చతురోక్తి' ఉన్నాయి. చమత్కారం అన్న మనిషికి తెలిసే జరుగుతుంది. ఆల్జెర్నన్ అలాంటివాడు. కల్తీలేని తేటతెల్లమైన నిజం అనే అర్థంలో ఇంగ్లీషులో 'ప్యూర్ అండ్ సింపుల్' అనే అరిగిపోయిన జంటమాట ఉంది. అతను దాన్ని రెండుగా విరిచి, నిజం స్వచ్ఛంగా ఉండడమే అరుదు, తేలిగ్గా అయితే ఎప్పుడూ ఉండదు అంటాడు. అతని గురించి 'చమత్కారంగా అంటాడు' అని 'గా' చేర్చి నిరభ్యంతరంగా రాయండి.

ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు, వెటకారం అనే మాటలకూ ఈ నాటకంలో చోటుంది. రెండో అంకంలో గ్వెండొలిన్, సెసిలీ టీ బల్ల దగ్గర ఎదురుపడి, ఇద్దరూ ఒకే ఎర్నెస్ట్ తమవాడనుకుంటారు. ఉన్నదున్నట్టు చెబుతాననే ఇంగ్లీషు జాతీయం వాడి, పారను పార అనే పిలుస్తాను అని సెసిలీ అంటే, నేను పారను చూసిందే లేదు, మన అంతస్తులు వేరని తెలుస్తూనే ఉంది అని గ్వెండొలిన్ అంటుంది. చక్కెర వద్దన్నదాని కప్పులో సెసిలీ నాలుగు ముక్కలు వేస్తుంది. బ్రెడ్డూ వెన్నా అడిగితే కేకు పెట్టిస్తుంది. పనివాళ్లు చూస్తున్నారు కాబట్టి గొంతు లేవదు, మర్యాద చెదరదు. ఇది అచ్చమైన ఎత్తిపొడుపు. పొడిచినావిడకూ తెలుసు, పొడిపించుకున్నావిడకూ తెలుసు.

ఐరనీకి మాత్రం ఒక్క తెలుగు మాట చాలదని నా అభిప్రాయం. పాత్రకు తెలియనిది ప్రేక్షకులకు తెలిసినప్పుడు పుట్టే ఐరనీని 'నాటకీయ వ్యంగ్యం' అనవచ్చు. ఐరనీ అనే రాసినా నాకేమీ అభ్యంతరం లేదు, చదివేవారికి అర్థమవుతుంది. ఈ నాటకంలో దానికి సాటిలేని ఉదాహరణ జాక్ శోకదుస్తుల సీను. లేని తమ్ముణ్ణి ఇక వదిలించుకుందామని, నిలువెల్లా నల్లబట్టలు వేసుకుని, మా ఎర్నెస్ట్ పారిస్‌లో జలుబు ముదిరి చనిపోయాడంటూ వస్తాడు. చర్చి గురువు ఓదారుస్తుంటాడు. అంతకు కాసేపటి ముందే ఆల్జెర్నన్ ఎర్నెస్ట్‌నంటూ ఆ ఇంట్లోకి దిగి సెసిలీతో కబుర్లు మొదలుపెట్టాడని ప్రేక్షకులకు తెలుసు. జాక్ నోరు తెరవక ముందే, ఆ నల్లబట్టలు కనిపించగానే హాలు నవ్వడం మొదలుపెడుతుంది. అక్కడ చమత్కారమైన మాట ఒక్కటీ అక్కర్లేదు.

సెటైర్‌తో జాగ్రత్తగా ఉండండి. 'నా మీద సెటైర్లు వేయకు' అని మనం రోజూ అంటాం. అక్కడ దాని అర్థం ఎత్తిపొడుపే. అందుకే 'వైల్డ్ విక్టోరియన్ సమాజం మీద సెటైర్లు వేశాడు' అని రాస్తే, అక్కడక్కడా నాలుగు చురకలు వేసి ఊరుకున్నాడన్నట్టు ఉంటుంది. సాహిత్యంలో సెటైర్ అంటే ఒక వ్యవస్థను గురిపెట్టి చేసే పని. దానికి మనకు 'అధిక్షేపం' ఉంది. అధిక్షేప శతకాలనే శాఖే ఉంది మనకు. గోగులపాటి కూర్మనాథ కవి సింహాద్రి నారసింహుణ్ణి నిలదీసి తిట్టాడు. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును నిందిస్తున్నట్టే పొగిడాడు. అధిక్షేపం అంటే తిట్టు కదా, వైల్డ్ ఎవర్నీ తిట్టలేదు కదా అని మీకు అనిపించవచ్చు. తిట్టినా నవ్వించినా గురి ఎక్కడన్నదే ముఖ్యం. 'సామాజిక అధిక్షేపం' అని ధైర్యంగా రాయండి.

ఆ గురి ఎంత సూటిదో రెండు చోట్ల చూపిస్తాను. మొదటి అంకంలో లేడీ బ్రాక్‌నెల్ కోసం చేయించిన దోసకాయ శాండ్‌విచ్‌లన్నీ ఆల్జెర్నన్ తినేస్తాడు. ఆమె అడిగేసరికి పళ్లెం ఖాళీ. పనివాడు లేన్ ముఖంలో ఏమీ కనిపించనీయకుండా, బజారుకు రెండుసార్లు వెళ్లాను, దోసకాయలు దొరకలేదండి, రొక్కం ఇస్తానన్నా లేవండి అంటాడు. అది అబద్ధమని మనకు తెలుసు, ఆమెకు తెలియదు. అది ఐరనీ. 'రొక్కం ఇస్తానన్నా' అన్న తోకలో అధిక్షేపం ఉంది: ఈ దొరల ఇల్లు మామూలుగా నడిచేది అరువు మీదేనని పనివాడి నోటే బయటపడింది.

రెండోది మూడో అంకంలో. సెసిలీ పేరున సర్కారు బాండ్లలో 1,30,000 పౌండ్ల దాకా ఉన్నాయని జాక్ చెబుతాడు. లేచి వెళ్లబోతున్న లేడీ బ్రాక్‌నెల్ ఆగి, ఇప్పుడు చూస్తుంటే అమ్మాయి చాలా ఆకర్షణీయంగా ఉందే అంటుంది. 'ఇప్పుడు చూస్తుంటే' దగ్గర ఆగి చదవండి. అమ్మాయి మారలేదు, అంకె వినబడింది. ఇక్కడా ఆమెలో కపటం లేదు, ఆమెకు నిజంగానే అలా కనిపించింది. ఒక వర్గానికి కళ్లు ఎలా పనిచేస్తాయో వైల్డ్ చూపించాడు.

జాక్ ఆదాయం భూముల మీదా, పెట్టుబడుల మీదా అని ఆమె అడగడం వెనక కూడా ఆనాటి చరిత్ర ఉంది. 1870ల నుంచి ఇంగ్లండులో వ్యవసాయం దెబ్బతిని కౌళ్లు పడిపోయాయి. నాటకానికి ముందు ఏడాది, 1894లో, చనిపోయినవారి ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ వచ్చింది. డ్యూటీ అంటే కర్తవ్యమూ, పన్నూ కాబట్టి ఆమె మాటలో శ్లేష ఉంది. తెలుగులో చెబితే: 'బతికున్నన్నాళ్లూ మనం నెరవేర్చాల్సిన విధులు, పోయాక మన మీద విధించే పన్నులు, ఈ రెంటి మధ్యా భూమి వల్ల లాభమూ లేదు, సుఖమూ లేదు.' ఇంకొంత వివరణ కావాలంటే ఈ వాక్యం మీదే ఒక పేరా రాయండి.

ఈ తేడా మనకు కొత్తదేమీ కాదు. 1892లో మొదట ఆడి, 1897లో అచ్చయిన కన్యాశుల్కం వైల్డ్ నాటకానికి సరిగ్గా సమకాలికం. 'నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్' అని గిరీశం వ్యంగ్యంగా అన్నాడని ఎవరైనా రాస్తారా? అతను గర్వంగా అన్నాడు. వ్యంగ్యం గురజాడది. తెలుగు నాటకం గురించి రాసేటప్పుడు ఇది మీకు చెప్పకుండానే తెలుస్తుంది. ఇంగ్లీషు నాటకం దగ్గరికి వచ్చేసరికి సిలబస్‌లోని మూడు మాటలు అడ్డొచ్చాయి, అంతే.

ముగింపు గురించి మీ వ్యాసంలో ఏం రాశారో తెలియదు కానీ, అక్కడ 'విధి వైపరీత్యం' మాత్రం వాడకండి. అది దుఃఖం మోసే మాట. ఇన్నేళ్లూ తాను ఆడిన అబద్ధం నిజమేననీ, తన అసలు పేరు ఎర్నెస్టేననీ, తనకు తమ్ముడు కూడా ఉన్నాడనీ జాక్‌కు తెలుస్తుంది. దీన్ని 'విధి వైచిత్రి' అనవచ్చు. మామూలు మాటల్లో 'తమాషా ఏమిటంటే' అని మొదలుపెట్టినా చాలు.

ఇక ప్రహసనం. సంస్కృత నాటకశాస్త్రం చెప్పే పది నాటక రకాల్లో (దశరూపకాల్లో) ఒకటి, హాస్యం దాని ప్రాణం. కపట సన్యాసుల్ని, దొంగభక్తుల్ని బట్టబయలు చేయడం దాని పాత అలవాటు. కందుకూరి వీరేశలింగం సాంఘిక దురాచారాల మీద రాసినవీ ప్రహసనాలే. ఆ స్వభావం వైల్డ్ నాటకానికి దగ్గరే. అయితే ప్రహసనం అనగానే ఇవాళ్టి తెలుగు పాఠకుడికి చిన్న నాటిక స్ఫురిస్తుంది. పైగా పత్రికల భాషలో ఆ మాటకు 'నవ్వులపాలైన వ్యవహారం' అనే అర్థం కూడా వచ్చి చేరింది. వైల్డ్ మొదట నాలుగు అంకాలు రాసి, థియేటర్ నడిపే జార్జ్ అలెగ్జాండర్ కోరితే మూడుకు కుదించాడు. మీ వ్యాసంలో 'మూడంకాల హాస్య నాటకం' అని రాయండి. ప్రహసనం అని పేరు పెట్టక, ప్రహసన లక్షణాలు ఏవేవి ఉన్నాయో లోపల చర్చించండి.