చార్టర్ రెన్యువల్: ఇప్పుడే స్కూలు మార్చకండి

లాస్ ఏంజిలెస్‌లో మీ పాప చదివే పర్యావరణ చార్టర్ హైస్కూలుకి (ప్రభుత్వ డబ్బుతో, చార్టర్ అనే అనుమతి మీద సొంతంగా నడిచే స్కూలు) ఆ అనుమతి గడువు జూన్‌తో అయిపోతోంది, ఇప్పుడే మార్చేయాలా అని అడిగారు కదండీ. తొందరపడకండి. కాలిఫోర్నియాలో 2019లో చట్టం మార్చాక స్కూళ్లని ఫలితాల్ని బట్టి మూడు వర్గాలు చేశారు, మీది ఎందులో ఉందో ప్రిన్సిపాల్‌ని అడగండి: పై వర్గానికి 5 నుంచి 7 ఏళ్ల పొడిగింపు, మధ్యదానికి 5, కింది వర్గమైతే మామూలుగా తిరస్కరణే, ఇచ్చినా 2 ఏళ్లే. కింది వర్గమైతేనే ఇంకో స్కూలు చూసుకోండి. పొడిగింపు కోసం స్కూలు పెట్టే పిటిషన్ డిస్ట్రిక్ట్‌కి (ఆ ప్రాంతం స్కూళ్లని చూసే బోర్డుకి) అందిన 60 రోజుల్లో బహిరంగ విచారణ పెడతారు, దానికి తప్పకుండా వెళ్లి మాట్లాడండి. మావాడి స్కూలు విచారణప్పుడు నేను వాడు రోజూ కంపోస్టు తూచి లెక్కలు రాసుకున్న నోటుబుక్కు తీసుకెళ్లి, పేజీలు తిప్పి చూపించాను. డిస్ట్రిక్ట్ కాదన్నా కౌంటీ విద్యా బోర్డుకి అప్పీలు ఉంది.