రాత్రంతా కరెంటు తాగేదెవరు?

ప్రశ్న: నాది 1998 మారుతి 800. రెండు రోజులు తీయకపోతే మూడో రోజు పొద్దున సెల్ఫ్ టక్ టక్ అని ఆగిపోతుంది. తోస్తే స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ వేసి ఆరు నెలలే. మెకానిక్ డైనమో మార్చాలంటున్నాడు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అప్పుడే మార్చకండి. ముందు ఒక డిజిటల్ మల్టీమీటర్ కొనండి. బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేయించి, కొన్ని గంటలు ఆగి కొలిస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు వేసి, కాస్త రేస్ ఇస్తూ బ్యాటరీ మీదే చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమో చార్జింగ్ ఇస్తున్నట్టే. నడుస్తున్న ఇంజన్ మీద బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమోను పరీక్షించే పాత అలవాటు కొందరికి ఇంకా ఉంది. ఎవరినీ అలా చేయనివ్వకండి, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి డైనమో లోపల బాగున్న డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగాలు) కూడా పోతాయి.

చార్జింగ్ బాగుంటే, బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు ఎటో పోతోందన్నమాట. ఇంజన్ తాళంచెవి తీసేసి, డోర్లన్నీ మూసి, పది నంబరు పానాతో బ్యాటరీ మైనస్ వైరు విప్పండి. మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, మీటరును మైనస్ పోస్టుకూ విప్పిన వైరుకూ మధ్య పెట్టండి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు, లోపలి ఫ్యూజ్ పోతుంది. 0.05 ఆంపియర్ల లోపు చూపిస్తే భయం లేదు. అదే 0.35 ఉందనుకోండి, 48 గంటల్లో దాదాపు 17 ఆంపియర్ అవర్లు పోతాయి. మీ 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది సగం. మూడో పొద్దున సెల్ఫ్ టక్ టక్ అనక ఏం చేస్తుంది?

మీటరు అలాగే ఉంచి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకండి. ఏది పీకితే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లో ఉన్నాడు. ఎక్కువసార్లు దొరికేది తర్వాత బిగించిన స్టీరియోనే. దాని పసుపు వైరు మెమరీకి, అది నేరుగా బ్యాటరీకి వెళ్లాలి. ఎర్రది తాళంచెవి తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు. రెండూ కలిపి బ్యాటరీకే ముడేస్తే సెట్టు పూర్తిగా పడుకోదు. డోరు మూసినా లోపలి లైటును ఆర్పని డోర్ స్విచ్, వదిలినా కలిసే ఉండే బ్రేక్ లైట్ స్విచ్ కూడా చూడండి.

ఫ్యూజులన్నీ తీసినా అంకె తగ్గలేదంటే అప్పుడు డైనమో మీద అనుమానం. మైనస్ పూర్తిగా విప్పాకే డైనమో వెనక లావు వైరు తీసి, కొసకు టేపు చుట్టి, మళ్లీ కొలవండి. ఇప్పుడు పడిపోతే లోపలి డయోడ్ లీకవుతోంది. పగలు చార్జింగ్ ఇస్తూనే రాత్రి కరెంటు తాగే డైనమోలు ఉంటాయి. అయినా డయోడ్ ప్లేటు ఒక్కటీ మార్చించుకుంటే చాలు, మొత్తం డైనమో అక్కర్లేదు.

ప్రశ్న: బ్రేకు తొక్కితే వెనక కుడి ఇండికేటర్ కూడా మసగ్గా వెలుగుతోంది. బల్బులు మార్చినా అంతే.
– ఒక పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: బల్బుల తప్పు కాదమ్మా, ఎర్తు పోయింది. తిరిగి వెళ్లే దారి లేక బ్రేక్ బల్బు కరెంటు ఇండికేటర్ ఫిలమెంటు గుండా వెళ్తోంది. ఒక వైరుతో హోల్డర్ ఎర్తును నేరుగా బాడీకి తాకించండి, సరైపోతే రోగం అదే. ఎర్తు స్క్రూ విప్పి, కింద తుప్పు, పెయింటు ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త రింగ్ టెర్మినల్ బిగించి పైన వాసలీన్ రాయండి.

ప్రశ్న: పార్కింగ్ లైట్ల 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఊరికే పోతోంది. 20 వేస్తే ఆగుతుందా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: ఫ్యూజ్ ఆగుతుంది, వైరు కాలుతుంది. ఎర్ర ఫ్యూజ్ (10) ఉన్నచోట పసుపుది (20) పెట్టకండి. పార్కింగ్ బల్బులన్నీ తీసేసి, ఫ్యూజ్ స్థానంలో రెండు వైర్లతో ఒక 21 వాట్ల బల్బు కలిపి స్విచ్ వేయండి. బల్బు వెలిగితే షార్టు ఉన్నట్టు. ఇక వైరింగ్‌ను జానెడు జానెడు కదుపుతూ వెళ్లండి, ఎక్కడ కదిపితే బల్బు ఆరుతుందో అక్కడే వైరు బాడీకి తగులుతోంది. వెనక డోరులోకి వైర్లు మడతపడే రబ్బరు గొట్టం దగ్గర మొదలుపెట్టండి. బండిని వడ్ల బస్తాల పక్కన పెడతారా? అయితే డ్యాష్‌బోర్డు కింద ఎలుకలు కొరికాయేమో కూడా చూడండి.