టీమ్ మ్యాచ్‌లో సగం అవకాశం కూడా లేని గేమ్‌ను పలకవచ్చా?

బ్రిడ్జ్ పేకాటలో ఒకే పేకలను రెండు బల్లలపై ఆడి ఫలితాలను పోల్చే టీమ్ మ్యాచ్‌లో వల్నరబుల్‌గా (బోనస్‌లూ జరిమానాలూ పెరిగే స్థితిలో) ఉన్నప్పుడు, నెగ్గే అవకాశం సగం కూడా లేని నాలుగు ఆటీన్ల గేమ్ (ఆటీన్ తురుపుగా పది ట్రిక్కులు, అంటే పది పట్లు, గెలుస్తామని పలికే, పెద్ద బోనస్ ఉన్న కాంట్రాక్టు) పలకడం సబబేనా అన్నది ప్రశ్న. సబబే. పది ట్రిక్కులు వస్తే గేమ్ పలికిన జట్టుకు 620, అవే పేకలతో గేమ్ కన్నా కింద ఆగిన జట్టుకు 170 వస్తాయి కాబట్టి 450 తేడాకు 10 ఇంప్‌లు (పాయింట్ల తేడాను పట్టిక ప్రకారం మార్చి ఇచ్చే మ్యాచ్ స్కోరు) దక్కుతాయి. తొమ్మిదే వస్తే మైనస్ 100కూ 140కీ మధ్యనున్న 240 తేడాకు 6 ఇంప్‌లే పోతాయి. అంటే 37.5 శాతం అవకాశం చాలు, అయితే ప్రత్యర్థులు డబుల్ చేసే (ఓడితే జరిమానా పెంచే) ప్రమాదాన్ని ఈ లెక్క పట్టించుకోదు. వల్నరబుల్ కానప్పుడు సుమారు 45 శాతం కావాలి.

పలుకు తర్వాత పేకలు ఆడేటప్పుడూ లాభనష్టాలను తూచే ఇదే దృష్టి అవసరం. డమ్మీలో (బల్లపై పరిచిన భాగస్వామి పేకల్లో) రాజు, తొమ్మిదితో నాలుగు ముక్కలు, చేతిలో ఆసు, జాకీతో అయిదు ముక్కలు ఉండి, ఆ రంగులో ఒక ట్రిక్కు పోయినా కాంట్రాక్టు నిలుస్తుందనుకోండి. చేతి నుంచి చిన్న ముక్క ఆడి, ఎడమవైపు ఆటగాడు చిన్నది వేస్తే డమ్మీ నుంచి తొమ్మిది వేయాలి. అతడి వద్ద ఆ రంగే లేకపోతే రాజుతో గెలిచి జాకీ వైపు ఆడాలి. మిగిలిన నాలుగు ముక్కలూ ఒకే ప్రత్యర్థి చేతిలో ఉన్నా రెండో ట్రిక్కు పోదు. అవే పేకలు ఆడిన ఇతర జంటలతో ఫలితాన్ని పోల్చే జంటల పోటీలో మాత్రం, ఓవర్‌ట్రిక్ (పలికినదానికి మించి గెలిచిన ట్రిక్కు) విలువ అక్కడ చాలా ఎక్కువ కాబట్టి, ఆసు, రాజు ఆడి రాణి పడుతుందని ఆశించడమే సాధారణంగా మేలు.