క్యాన్సర్ చికిత్స సాగుతుండగా రోజువారీ జీవితాన్ని ఎలా సర్దుకోవాలి?

కీమోథెరపీని చాలావరకు రెండు మూడు వారాలకొక విడతగా ఇస్తారు కనుక, అన్ని రోజులూ ఒకేలా గడవాలని పట్టుబట్టకుండా, పనులను ఆ విడతను బట్టి సర్దుకోవడం మేలు. మందు ఎక్కించిన తొలి రోజుల్లో వికారం, నీరసం ఎక్కువగా ఉండవచ్చు. తర్వాత, చాలా మందుల విషయంలో 7 నుంచి 14 రోజుల మధ్య, ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి కాబట్టి అప్పుడు జనసమ్మర్దానికి దూరంగా ఉండి, ముఖ్యమైన పనులను తదుపరి విడతకు ముందు ఓపిక తిరిగొచ్చే రోజులకు పెట్టుకోవాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే మాత్రం, అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. అడగకుండా పారాసిటమాల్ వేసుకుంటే జ్వరం కనబడకుండా పోయి, ఇన్ఫెక్షన్ లోలోపల ముదిరే ప్రమాదం ఉంది. ఈ ఒక్క విషయం ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

చికిత్స వల్ల కలిగే అలసట నిద్రతో పూర్తిగా తీరేది కాదు, బద్ధకం అంతకన్నా కాదు. వైద్యులు వద్దనకపోతే రోజూ కాసేపు నడవడం వల్ల కొంత తగ్గుతుంది. వాంతులు ఎప్పుడు మొదలయ్యాయో, ఏ మాత్రతో ఆగాయో ఒక పుస్తకంలో రాసుకుని, వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు దానితో పాటు, చెప్పింది శ్రద్ధగా వినగల మనిషిని ఒకరిని వెంట తీసుకువెళ్ళండి.